34 లక్షల బకాయి: దావా వేయకముందు మీడియేషన్‌కు వెళ్లడం టైమ్ వేస్టా?

నమస్తే అండి. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. జీడిమెట్లలో మీకు అట్టపెట్టెల యూనిట్ ఉంది. సోమాజిగూడలో ఆఫీసు ఉన్న ఒక ఫుడ్ ప్రోడక్ట్స్ కంపెనీకి నాలుగేళ్లుగా సరుకు వేస్తున్నారు. 34 లక్షలు రావాలి. రెండు లోడ్లు నాసిరకంగా ఉన్నాయని చెప్పి వాళ్లు మొత్తం పేమెంటే ఆపేశారు. ఆ రెండు లోడ్ల బిల్లు 4 లక్షల 80 వేలు. దావా వేద్దామని లాయర్ దగ్గరికి వెళ్తే ముందు మీడియేషన్‌కు (ఏ పక్షానికీ చెందని మధ్యవర్తి దగ్గర కూర్చుని రాజీ ప్రయత్నం చేయడానికి) వెళ్లాలన్నారు. ఇది టైమ్ వేస్ట్ కాదా, మనంతట మనం రాజీకి వెళ్తే లోకువైపోమా, వెళ్తే ఎంత వదులుకోవాలి అని మీ సందేహం.

నేరుగా జవాబు: వెళ్లండి. మీ లాయర్ గారు చెప్పింది కరెక్టు. మీ కేసులో మీడియేషన్ దాటి నేరుగా కోర్టుకు వెళ్లే దారి లేదు. చట్టం తప్పనిసరి చేయకపోయినా మీకు ఇదే చెప్పేవాడిని. కాకపోతే దావా కాగితాలు మొత్తం సిద్ధం చేసుకుని మరీ వెళ్లండి. "ఊరికే మాట్లాడి చూద్దాం" అని చేతులూపుకుంటూ వెళ్లేవాళ్లకు మాత్రం అది నిజంగానే టైమ్ వేస్ట్.

నా గురించి ఒక్క మాట. సిటీ సివిల్ కోర్టులో చాలా ఏళ్లు వ్యాపార దావాలు నడిపాను. ఇప్పుడు ఎక్కువగా మీడియేటర్‌గా కూర్చుంటున్నాను. ఆ గదిలో మాట్లాడుకున్నవి బయటికి రాకూడదు కాబట్టి కింద చెప్పే కేసుల్లో సరుకు, ఏరియా, అంకెలు మార్చాను. జరిగిన తీరు మాత్రం అదే.

ముందు చట్టం సంగతి తొందరగా ముగిద్దాం. 2015 కమర్షియల్ కోర్టుల చట్టానికి 2018లో సవరణ తెచ్చి సెక్షన్ 12ఏ చేర్చారు. 3 లక్షలు, ఆపైన విలువున్న వ్యాపార వివాదంలో కోర్టు నుంచి అర్జెంటు ఉత్తర్వులు అవసరం లేకపోతే, దావా వేసే ముందు మీడియేషన్ ప్రయత్నం జరగాలి. మొదట్లో చాలామంది దీన్ని పట్టించుకోలేదు. 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అని తేల్చేసింది. ఇది పాటించకుండా వేసిన దావాను మొదట్లోనే తిరస్కరించవచ్చు అంది. "అర్జెంటు" అని ఒక ఇంజంక్షన్ (ఫలానా పని చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) పిటిషన్ తగిలించి తప్పించుకుందామని కొందరు చూస్తారు. ఆ అర్జెన్సీ నిజమా, పేరుకు పెట్టిందా అని కోర్టు పరిశీలించవచ్చని 2023లో యామినీ మనోహర్ కేసులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. మీది డబ్బు రావాల్సిన మామూలు కేసు. ఆ తెలివితేటలు మనకొద్దు.

పద్ధతి కూడా పెద్ద చిక్కేమీ కాదు. లీగల్ సర్వీసెస్ అథారిటీలో (న్యాయ సేవల సంస్థలో) ఫారం 1, అంటే మీడియేషన్ దరఖాస్తు, నింపి 1,000 రూపాయల ఫీజుతో దరఖాస్తు ఇవ్వాలి. అవతలివాళ్ల ఆఫీసు సిటీలోనే ఉంది కాబట్టి మీకది పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గరున్న అథారిటీ అవుతుంది. వాళ్లు అవతలి పార్టీకి నోటీసు పంపుతారు. జవాబు రాకపోతే చివరిసారి ఇంకో నోటీసు వెళ్తుంది. అప్పటికీ రాకపోయినా, రామని చెప్పినా మీ చేతికి నాన్-స్టార్టర్ రిపోర్టు, అంటే మీడియేషన్ మొదలే కాలేదన్న కాగితం, ఇస్తారు. దాన్ని జతచేసి మర్నాడే దావా వేసుకోవచ్చు. వాళ్లు వస్తే మీడియేటర్ ఫీజు కట్టాలి. 10 లక్షల నుంచి 50 లక్షల లోపు వివాదానికి అది 30,000, రెండు పార్టీలు చెరిసగం. అంటే మీ వాటా 15,000. గడువు మూడు నెలలు. ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. ఈ మీడియేషన్‌లో గడిచిన కాలాన్ని దావా లిమిటేషన్‌లో (దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువులో) లెక్కించరు.

కాబట్టి మీరు భయపడే నష్టం మహా అయితే కొన్ని నెలలు, కొన్ని వేలు. దీన్ని అటువైపు దానితో పోల్చి చూడండి. కమర్షియల్ కోర్టులు పాత సివిల్ కోర్టుల కంటే వేగమే, కాదనను. ప్రతివాది జవాబు వేయడానికి 120 రోజులు దాటితే ఇక అవకాశమే లేదు. కానీ ఆ తర్వాత సాక్షులు, వాదనలు, తీర్పు, అప్పీలు. డిక్రీ చేతికొచ్చాక ఈపీ (డిక్రీని అమలు చేయించమని వేసే పిటిషన్) అనే ఇంకో కథ మొదలవుతుంది. అవతలి కంపెనీ ఏ బ్యాంకుకు ఖాతా మార్చిందో, మెషినరీ ఎవరి పేరున ఉందో అప్పుడు వెతుక్కోవాలి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని మనవాళ్లు అనేది ఈ ఈపీ చూసే అయ్యుంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మీడియేషన్ పనిచేస్తుందా లేదా అనేది మీ కేసు ఎంత న్యాయమైంది అన్నదాన్ని బట్టి ఉండదు. అవతలివాడు ఇవ్వలేనివాడా, ఇవ్వనివాడా, లేక ఇవ్వడానికి ఒక గౌరవమైన సాకు కోసం చూస్తున్నవాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడో రకం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. నాలుగేళ్లు మీ దగ్గర సరుకు తీసుకున్న కంపెనీ, రెండు లోడ్ల పేరు చెప్పి మొత్తం ఆపిందంటే, మీ సరుకు మీద కోపం కంటే వాళ్ల చేతిలో డబ్బు ఆడకపోవడమే కారణం అయ్యుంటుందని నా అనుమానం. ఆ సంగతి మీకు ఫోన్లో చెప్పరు. వ్యాపారంలో పరువు పోతుందని భయం. విడిగా కూర్చోబెట్టి, తలుపేసి అడిగితే మీడియేటర్‌కు చెప్తారు. చాలాసార్లు చెప్పారు కూడా.

రెండో సంగతి లెక్కలు. ఒక టైల్స్ సప్లయర్, ఒక బిల్డర్ కేసు చెప్తాను. ఇద్దరి లెడ్జర్ల మధ్య తేడా 11 లక్షలు. మొదటి గంట ఓనర్లిద్దరూ ఎవరిని ఎవరు నమ్మి ఎలా మోసపోయారో చెప్పుకున్నారు. బిల్డర్ గారి అబ్బాయి గృహప్రవేశానికి సప్లయర్ రాలేదనే విషయం కూడా వచ్చింది. చెప్పుకోనిచ్చాను, అదీ బయటికి రావాలి. తర్వాత ఓనర్లను టీకి పంపించి, ఇద్దరి అకౌంటెంట్లను పక్క గదిలో కూర్చోబెట్టాను. ఒకాయన చేతిలో ఎర్ర పెన్ను, ఇంకొకాయన చేతిలో పెన్సిలు. ఒకరు బిల్లు నంబరు చదువుతుంటే ఇంకొకరు తన పుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ పోయారు. టిక్కు పడని లైన్లే తేడా.

మధ్యాహ్నానికి తేలింది ఏమిటంటే, పగిలిన పెట్టెల కోసం బిల్డర్ ఆఫీసులో నాలుగున్నర లక్షల డెబిట్ నోట్లు (బిల్లులోంచి ఇంత కోస్తున్నామనే కాగితాలు) రాసుకున్నారు. రాసుకున్నారు కానీ ఒక్కటీ సప్లయర్‌కు పంపలేదు. 2 లక్షల చెక్కు ఒకటి సప్లయర్ తమ్ముడి ఫర్మ్ ఖాతాలో జమ అయింది. పేర్లు దగ్గరగా ఉండటంతో క్లర్కు అక్కడ రాసేశాడు. సప్లయర్ వైపు పెద్దాయన, ఆ పెన్సిల్ అకౌంటెంట్, బయటికొచ్చి "సార్, గొడవ పదకొండు మీద కాదు, నాలుగున్నర మీదే. మిగతా నాలుగున్నర డెబిట్ నోట్లలో మా సార్ చూసి ఒప్పుకునేవే" అన్నాడు. మిగిలిన ఆ నాలుగున్నర, లారీ నుంచి దించేటప్పుడు హమాలీల చేతిలో పగిలింది ఎవరి ఖాతాలో పడాలన్నది. సైటు ఇంజనీర్ దగ్గర అన్‌లోడింగ్ రిజిస్టర్ ఉంది, దాంట్లో లారీ డ్రైవర్ల సంతకాలున్నాయి. అది తెప్పించాక సాయంత్రానికి అంకె కుదిరింది.

ఇదే పని కోర్టులో జరగదా అంటే జరుగుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్కో బిల్లూ చూపించి, "ఇది మీకు ముట్టిందా లేదా" అని అడిగి, జవాబు టైపు చేయించి. ఎన్ని వాయిదాలు పడుతుందో మీరే ఊహించుకోండి.

మీ కేసులో మొదటి పని: 34 లక్షలను రెండు ముక్కలు చేయడం. 4.80 లక్షల మీద తగాదా ఉంది. 29.20 లక్షల మీద లేదు. అవతలివాళ్లు చిన్న ముక్కను అడ్డం పెట్టి పెద్ద ముక్కను దాస్తున్నారు. మీరు కూడా "నాకు 34 రావాలి" అని ఒకే అంకె పట్టుకుని కూర్చుంటే వాళ్లకు అదే కావాలి. మీడియేటర్ ముందు మొదటి అరగంటలో మీరు అడగాల్సింది ఒక్కటే: "ఆ రెండు లోడ్లు పక్కన పెడదాం, మిగతా బిల్లుల మీద మీకు అభ్యంతరం ఉందా?" లేదు అన్న జవాబు వచ్చిందంటే ఇక మిగిలేది వాయిదాల తేదీలే.

ఆ రెండు లోడ్ల విషయంలో కూడా మీరు అనుకున్నంత బలహీనంగా లేరు. సరుకు అందాక వాళ్లు ఎన్ని రోజులకు ఫిర్యాదు చేశారు? రాతపూర్వకంగానా, నోటిమాటా? ఆ పెట్టెల్లో వాళ్ల సరుకు ప్యాక్ చేసి పంపేశారా, గోడౌన్‌లో అలాగే ఉన్నాయా? 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టం ప్రకారం, కొన్నవాడు తగినంత సమయంలో తిరస్కరించకుండా ఉంచుకున్నా, తనదిగా వాడేసినా ఒప్పుకున్నట్టే లెక్క. నాణ్యత తగ్గిందని ధరలో కోత అడగొచ్చు కానీ, వాడేసిన పెట్టెలకు అసలు డబ్బే ఇవ్వనంటే చెల్లదు. మీరు చిన్న పరిశ్రమగా ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్నవాళ్లయితే ఇంకో పాయింటు ఉంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం అంటుంది. ఆర్డర్‌లో ఎన్ని ప్లై (పొరలు), ఎంత జీఎస్ఎం (కాగితం మందం బరువు), బర్స్టింగ్ (చిరగకుండా తట్టుకునే బలం) ఎంత ఉండాలని రాసుకున్నారో, ఆ బ్యాచ్ టెస్ట్ రిపోర్టు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గోడౌన్‌లో మిగిలిన పెట్టెలను ఇద్దరూ కలిసి ల్యాబ్‌కు పంపిద్దామని మీరే ప్రతిపాదించండి. నాసిరకం అన్నది సాకే అయితే ఆ ప్రతిపాదన దగ్గరే గొంతు మారుతుంది.

లోకువ సంగతి. ఈ మాట నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో వ్యాపారీ అంటాడు. బేగంబజార్‌లోనో, సంఘం పెద్దల దగ్గరో పంచాయితీ పెట్టించుకున్న అనుభవం వల్ల వచ్చిన భయం అది. అక్కడ పెద్దమనిషి చివర్లో "నువ్వింత తగ్గు, నువ్వింత ఇవ్వు" అని తీర్పు చెప్తాడు. కాదంటే ఆయన్ను అవమానించినట్టు. మీడియేటర్ తీర్పు చెప్పడు. మీరు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మీరక్కడ "మూడు లక్షలు తగ్గించుకోవడానికి రెడీ" అన్న మాటను రేపు కోర్టులో వాళ్లు మీకు వ్యతిరేకంగా వాడలేరు. మీడియేటర్‌ను సాక్షిగా పిలవలేరు. పైగా 12ఏ వల్ల ఒక సదుపాయం ఉంది: "మేం రాజీకి రాలేదండీ, చట్టం పంపితే వచ్చాం" అని ఇద్దరూ తలెత్తుకుని చెప్పుకోవచ్చు. ఫోన్లు ఎత్తడం మానేసిన పార్టీలు కూడా అథారిటీ నోటీసు చూసి వస్తాయి.

స్టేషన్‌లో తెలిసిన వాళ్లున్నారు, ఒక మాట చెప్పిద్దామని మీకు ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. మన సిటీలో ఈ దారి పట్టి, 20 లక్షల బకాయి కోసం వెళ్లి తిరిగి తామే బెదిరింపు కేసులో ఇరుక్కున్నవాళ్లను చూశాను.

ఎంత వదులుకోవాలి? దీనికి శాతం చెప్పేవాళ్లను నమ్మొద్దు. మీ లెక్క మీరే వేసుకోవాలి. మీ ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) మీద బ్యాంకు వడ్డీ 11 శాతం అనుకుందాం. 34 లక్షల మీద ఏడాదికి 3 లక్షల 74 వేలు మీ జేబులోంచి పోతోంది. మూడేళ్లు పడితే 11 లక్షలు దాటుతుంది. కోర్టు మీకూ వడ్డీ ఇవ్వొచ్చు, ఇస్తుంది కూడా, కానీ అది వసూలైన రోజున కదా మీది. దీన్ని ముందు పెట్టుకుని, ఇప్పుడు నాలుగు నెలల్లో చేతికొచ్చే అంకె ఎంతైతే మీకు నష్టం లేదో ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. గదిలోకి వెళ్లాక కాదు, ఇంట్లోనే. గదిలో ఆవేశం మీద పెంచుతారు, నీరసం మీద తగ్గిస్తారు.

తగ్గడానికీ ఒక వరస ఉంది. ముందు వడ్డీ వదలండి, అది మీరు అడిగారనడానికే గానీ వాళ్లు మొదటి రోజే ఇస్తామనేది కాదు. తర్వాత గడువు ఇవ్వండి. ఆ తర్వాత ఆ రెండు లోడ్లలో కొంత. అసలు 29.20ని ముట్టుకోవద్దు. చాలామంది తలకిందులుగా చేస్తారు: "సరే, రౌండ్ ఫిగర్ 30 చేద్దాం" అని మొదటి గంటలోనే అసలు తగ్గించేసి, తర్వాత వాయిదాల దగ్గర పోట్లాడతారు.

వాళ్ల మీద ఒత్తిడి ఎక్కడుందో కూడా మీకు తెలియాలి. కొన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోలు మీద పడిన జీఎస్టీకి తాము తీసుకున్న మినహాయింపును) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. మీరు మైక్రో లేదా స్మాల్ కేటగిరీలో రిజిస్టర్ అయ్యుంటే, 45 రోజుల లోపు చెల్లించని మీ బిల్లులను వాళ్లు కట్టేదాకా ఖర్చుగా చూపించుకోలేరు. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఆదాయపు పన్నులో ఈ నియమం వచ్చింది. ఈ రెండూ బెదిరింపుగా చెప్పకండి. మీ సీఏ ఒక కాగితం మీద లెక్క వేసి ఇస్తే, మీడియేటర్ ద్వారా అది అటు గదికి వెళ్తే చాలు. అక్కడ వాళ్ల సీఏ చదువుతాడు, మిగతాది ఆయనే చెప్తాడు.

అలాగే ఆ రెండు లోడ్లలో కొంత తగ్గిస్తే క్రెడిట్ నోట్ (బిల్లు ఇంత తగ్గించామని మీరిచ్చే కాగితం) సంగతి ముందే చూసుకోండి. ఏ ఆర్థిక సంవత్సరంలో బిల్లు వేశారో ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే, తగ్గించిన మొత్తం మీద కట్టిన జీఎస్టీ మీకు తిరిగి సర్దుబాటు కాదు. ఆ పన్ను భారం ఎవరిదో రాజీలోనే తేల్చుకోవాలి. 2 లక్షలు తగ్గిస్తే 2 లక్షలే పోయిందనుకుంటారు, పన్నుతో కలిపి ఇంకొంచెం పోయి ఉంటుంది.

కోర్టు ఇవ్వలేనిది మీడియేషన్ ఇవ్వగలదన్న మాటకు ఒక ఉదాహరణ చెప్పి ముందుకెళ్తాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు బావా బావమరిది కలిసి నడిపిన టిఫిన్ సెంటర్ విడిపోయింది. దావా నోటీసులో అడిగింది డబ్బు. కూర్చోబెడితే తేలింది, ఇద్దరికీ కావాల్సింది బోర్డు మీద పేరు. ఒకాయన పేరు ఉంచుకున్నాడు, ఇంకొకాయన కొత్త షాపు ముందు ఆరు నెలలపాటు "పాత ఫలానా సెంటర్ వంట మాస్టర్‌తో" అని రాసుకునేలా ఒప్పందమైంది. ఏ జడ్జి గారు ఇలాంటి డిక్రీ ఇస్తారు? మీ విషయంలో కూడా డబ్బుతో పాటు ముందు ముందు ఆర్డర్లు మాట్లాడుకోవచ్చు. సగం అడ్వాన్స్ మీద సరుకు వేయడం, ప్రతి లోడుకూ దించేటప్పుడే శాంపిల్ చూసి సంతకం పెట్టడం లాంటివి.

రాజీ కుదిరాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. 12ఏ కింద కుదిరిన రాజీపత్రానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది. మళ్లీ దావా వేయక్కర్లేదు, డిక్రీలాగే అమలుకు వెళ్లొచ్చు. కానీ ఆ కాగితంలో ఏం రాశారన్నదే ముఖ్యం. ఒకసారి నా దగ్గరికి అమలు కోసం వచ్చిన రాజీపత్రంలో "ప్రతివాది 18 లక్షలు ఆరు వాయిదాల్లో చెల్లించును" అని ఉంది. తేదీల్లేవు. ఒక వాయిదా తప్పితే ఏమవుతుందో లేదు. సంతకం పెట్టింది అకౌంట్స్ మేనేజర్, అతనికి అధికారం ఇచ్చిన కాగితం లేదు. మొదటి వాయిదా వచ్చింది, తర్వాత కంపెనీ మా మేనేజర్‌కు ఆ అధికారం లేదంది. పాపం ఆ సప్లయర్ రాజీ కుదిరిందని స్వీట్లు కూడా పంచాడట.

మీ కాగితంలో ఇవి ఉండేలా చూసుకోండి. ప్రతి వాయిదాకూ తేదీ, అంకె. ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం ఆ రోజే కట్టాల్సి రావడం, మీరు వదిలేసిన వడ్డీ తిరిగి లెక్కలోకి రావడం. ఇది లేకపోతే రాజీ పడినందుకు మీకే శిక్ష పడినట్టు. ప్రతి వాయిదాకూ ముందు తేదీల చెక్కులు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే డైరెక్టర్ సొంత గ్యారంటీ అడగండి, ఇవ్వకపోయినా అడగండి. సంతకం పెట్టేవాళ్లకు బోర్డు తీర్మానం. మొదటి వాయిదా సంతకాల రోజునే డీడీగా చేతికి రావాలి. నేను మీడియేటర్‌గా కూర్చున్నప్పుడు ఈ చివరిదాని మీద ఎవరినీ ఒత్తిడి చేయలేను, కానీ మీ లాయర్ చేయగలరు. ఆయన్ను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

మొదటి సిట్టింగ్‌కు అటునుంచి ఎవరు వస్తారో చూడండి. నిర్ణయం తీసుకునే మనిషి కాకుండా జూనియర్ ఎగ్జిక్యూటివ్ వచ్చి "సార్‌ను అడిగి చెప్తాం" అంటే ఒకసారి సరే అనండి. రెండోసారీ అదే అయితే కాలక్షేపానికి వచ్చారని అర్థం. పొడిగింపుకు ఒప్పుకోకండి, ఫెయిల్యూర్ రిపోర్టు (రాజీ కుదరలేదన్న కాగితం) తీసుకుని దావా వేసేయండి. అందుకే దావా డ్రాఫ్టు ముందే సిద్ధంగా ఉండాలన్నాను. అది రెడీగా ఉందని అవతలి లాయర్‌కు తెలిస్తేనే సగం మాటలు సూటిగా సాగుతాయి.

మీడియేషన్ పనికిరాని కేసులూ ఉన్నాయి. అవతలివాడు మెషినరీ అమ్మేసుకుంటున్నాడని, స్టాకు తరలిస్తున్నాడని ఆధారం ఉంటే అది నిజమైన అర్జెన్సీ, నేరుగా కోర్టుకే వెళ్లాలి. దొంగ సంతకాలు, నకిలీ బిల్లులు ఉంటే గదిలో కూర్చుని మాట్లాడే పని కాదు. కంపెనీ ఇప్పటికే దివాలా ప్రక్రియలోకి వెళ్లి ఉంటే దావాకే దారి మూసుకుపోతుంది, అక్కడ రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడిపే అధికారి) దగ్గర క్లెయిమ్ వేసుకోవాలి. చేతిలో నిజంగా పైసా లేనివాడితో ఎంత బాగా మాట్లాడినా మంచి కాగితం వస్తుంది, డబ్బు రాదు.

మీకు ఇంకో తలుపు కూడా ఉంది, మీ లాయర్ చెప్పారో లేదో. మీది తయారీ యూనిట్ కాబట్టి, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు (చిన్న పరిశ్రమల బకాయిల తగాదాలు చూసే మండలికి) వెళ్లొచ్చు. అక్కడ కూడా ముందు రాజీ ప్రయత్నమే, కుదరకపోతే ఆర్బిట్రేషన్. ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, అదీ నెలనెలా అసలులో కలుస్తూ. అవార్డును సవాలు చేయాలంటే కొన్నవాడు ముందు 75 శాతం డిపాజిట్ కట్టాలి. చాలా బలమైన ఆయుధం. (ట్రేడర్లకు ఉద్యం ఉన్నా ఈ సదుపాయం లేదు, ఇది చదివే హోల్‌సేల్ వ్యాపారులు గమనించండి.) మరి అందరికీ అదే ఎందుకు చెప్పను అంటే, చట్టంలో 90 రోజులని ఉన్నా నా అనుభవంలో ఆ గడువు నిలబడటం అరుదు. పైగా మూడింతల వడ్డీ క్లెయిమ్ వేశాక ఆ కంపెనీ మళ్లీ మీకు ఆర్డర్ ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు. వాళ్లతో ముందు ముందు వ్యాపారం కావాలంటే 12ఏ. వద్దనుకుంటే, సరుకు వేయకముందే ఉద్యం తీసుకుని ఉంటే, కౌన్సిల్. ఇది నా అభిప్రాయం, మీ లాయర్ కాగితాలు చూసి వేరే చెప్తే ఆయన మాట వినండి.

నానక్‌రామ్‌గూడలో 2021 డిసెంబర్‌లో మొదలైన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. ప్రైవేటు మీడియేటర్లూ ఉన్నారు. పెద్ద కాంట్రాక్టులు, బయటి దేశాల పార్టీలు ఉంటే అవి ఆలోచించొచ్చు. మీ సైజు కేసుకు అథారిటీ సరిపోతుంది. ఎక్కడికి వెళ్లినా, అక్కడ కుదిరిన రాజీ ఏ చట్టం కింద అమలవుతుందో సంతకానికి ముందే తెలుసుకోండి. 2023 మీడియేషన్ చట్టంలో కొన్ని సెక్షన్లే ఆ ఏడాది అక్టోబర్ 9 నుంచి అమల్లోకి తెచ్చారు, మొత్తం చట్టాన్ని ఒకేసారి తేలేదు.

చివరగా తేదీల గురించి, ఇది చాలామందికి దెబ్బ కొడుతుంది. మీడియేషన్ కాలం లిమిటేషన్‌లోంచి తీసేస్తారన్నాను కదా, అది సివిల్ దావాకే. చెక్ బౌన్స్ కేసు గడువు మీడియేషన్ కోసం ఆగదు. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక కట్టడానికి 15 రోజులు, అవి దాటిన నెలలోపు కంప్లయింటు. "మాట్లాడుకుంటున్నాం కదా, చెక్కు కేసు ఎందుకులే" అని ఆగితే ఆ హక్కు పోతుంది. అలాగే మీ పాత బిల్లులకు మూడేళ్లు ఎప్పుడు నిండుతాయో బిల్లువారీగా చూసుకోండి. వాళ్ల అకౌంట్స్ విభాగానికి మామూలుగా ఒక బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మెయిల్ (మా లెక్కలో ఇంత బాకీ ఉంది, సరిచూసి చెప్పండి అని) పెట్టండి. గడువు లోపల వాళ్లు "బ్యాలెన్స్ సరిపోయింది" అని సంతకం పెట్టిచ్చినా, ఈమెయిల్‌లో ఒప్పుకున్నా అప్పటి నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. ఇలాంటి మెయిల్‌కు క్లర్కులు ఆలోచించకుండా జవాబిస్తారు, నోటీసు వెళ్లాక ఇవ్వరు. కాబట్టి ముందు ఇది, తర్వాత ఫారం 1.

మీ ఉద్యం రిజిస్ట్రేషన్ తేదీ, బకాయిల్లో అన్నింటికంటే పాత బిల్లు తేదీ, వాళ్ల చెక్కులేమైనా మీ దగ్గర ఉన్నాయా, ఈ మూడూ కింద రాయండి. కంపెనీ పేరు రాయొద్దు. వాటిని బట్టి ముందు ఏ తలుపు తట్టాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్తాను.